కంప కొట్టిన ఇళ్లు

టిప్పరు వెనక్కి నడుస్తూ గోరీల దిబ్బ ఎక్కింది. నేను చూస్తుండగానే తొట్టి పైకి లేచింది. గ్రానైటు పాలిష్ చేయగా మిగిలిన తెల్ల బురద బుడబుడమంటూ జారి ఏకులపాలెంలో చచ్చిపోయినవాళ్లందరి మీదా పడింది.

"ఒరేయ్ ఆపరా! అక్కడ మా అమ్మ ఉందిరా!" అంటూ రసూల్‌బీ మామ్మ పరుగెత్తుకొచ్చింది. డెబ్బై అయిదేళ్ల మనిషి, చెప్పులు కూడా లేవు. బురదలోకి దిగి మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో తోడటం మొదలెట్టింది. తోడినకొద్దీ జారి మళ్లీ అక్కడికే వస్తోంది.

డ్రైవరు బిక్కచచ్చిపోయాడు. "నన్నేం చెయ్యమంటావు మామ్మా? ఓనరు పొయ్యమన్నాడు, పోశాను" అన్నాడు. వాడినని ఏం లాభం, వాడూ మనలాంటి కూలోడే.

ఓనరు కారు దిగాడు. నాగేంద్రబాబు గారు. నల్లచెరువుపాడులో సగం మిరపచేలు ఆయనవే, మార్టూరు రోడ్డు మీద పాలిష్ ఫ్యాక్టరీలూ ఆయనవే. బురద అంటకుండా పంచె ఎత్తి పట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

"ఇది పోరంబోకమ్మా. డంపింగుకి నేను లీజు తీసుకున్నాను. దిబ్బే కాదు, మీ ఇళ్లున్న జాగా కూడా దాంట్లోకే వస్తుంది. ఏమన్నా ఉంటే ఆఫీసులో చెప్పుకోండి" అన్నాడు. చెప్పేసి కారెక్కి వెళ్లిపోయాడు.

నేను వ్యవసాయ కూలీ సంఘం నాగజ్యోతిని. ఈ సభలో కూర్చున్న మిరపకోత అక్కలందరికీ నేను తెలుసు. విద్యార్థి తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ తెలియదు కాబట్టి చెబుతున్నా. ఏకులపాలెం దూదేకుల వాళ్ల పల్లె. ఒకప్పుడు విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగి పరుపులకి దూది ఏకేవాళ్లు. షాపుల్లో తయారు పరుపులొచ్చాక విల్లు అటకెక్కింది, పత్తి తీతా మిరపకోతా బతుకైంది. నల్లచెరువుపాడుకి మైలు దూరమైనా రేషన్ కార్డుల మీద, ఆధార్ల మీద నల్లచెరువుపాడు అనే ఉంటుంది. ఏకులపాలెం అన్న మాట సర్కారు నోటి వెంట అప్పటిదాకా మేమెప్పుడూ వినలేదు.

మండల ఆఫీసుకి వెళ్లాం. అక్కడి పెద్దాయన మా కార్డులు పేకముక్కల్లా తిరగేసి పక్కన పెట్టాడు.

"ఇవన్నీ కొత్తవమ్మా. మీరు నిన్నగాక మొన్నొచ్చి పోరంబోకు ఆక్రమించుకున్నారని మాకు రిపోర్టుంది. అరవైల నాటికే అక్కడ ఊరుందని పాత సర్కారు రికార్డు ఏదన్నా చూపించండి, ఆలోచిద్దాం. లేకపోతే ఖాళీ చెయ్యాల్సిందే" అన్నాడు.

రసూల్‌బీ మామ్మ ఒక్కతే ముందుకొచ్చింది.

"ఎందుకు లేదు బాబూ? జనాభా లెక్కల్లో ఉన్నాం. నాకప్పుడు పదేళ్లు. మా తలుపు మీద తారుతో ఏడో నంబరు వేశారు. నంబరేసినోళ్లు పేర్లు రాయకుండా ఉంటారా? ఆ లెక్కలు తియ్యండి. మా నాయన పేరుంటుంది, మా అమ్మ హుస్సేనమ్మ పేరుంటుంది, నా పేరూ ఉంటుంది" అంది.

బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది. "జ్యోతీ, మా అమ్మకి ఓటుకార్డు లేదు, రేషన్ కార్డు లేదు, ఫోటో లేదు. నా పెళ్లి కాకముందే పోయింది. ఆ లెక్కల్లో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా ఆమె పేరుండదే. ఒక్కసారి చూసి పోతానే" అంది. ఆ మాట విన్న తర్వాత ఇంక నేనెలా ఊరుకుంటాను?

తిరగని ఆఫీసు లేదు. ఆ లెక్కలు రాసిన అరవై ఒకటిలో మాది గుంటూరు జిల్లా. తర్వాత ప్రకాశం అన్నారు. ఇప్పుడు బాపట్ల అంటున్నారు. మా కొంప అంగుళం కదల్లేదు, జిల్లాలే మా నెత్తి మీదుగా నడిచిపోయాయి. ఒంగోల్లో అడిగితే గుంటూరు పొమ్మన్నారు, గుంటూరులో అడిగితే హైదరాబాద్ అన్నారు. చివరికి తిరిగి తిరిగి ఒంగోల్లోనే ఇంకో ఆఫీసులో ఆ కట్టలు తమ దగ్గరే ఉన్నాయని ఒప్పుకున్నారు. ఒప్పుకుని, చూపించం అన్నారు. జనాభా లెక్కల్లో మనుషుల వివరాలు రహస్యమట. ఎవరికీ చూపకూడదని చట్టమట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే కదా! రికార్డు తెమ్మనేదీ సర్కారే, ఇవ్వననేదీ సర్కారే.

ఆ ఆదివారం పల్లె బడి వసారాలో మీటింగు పెట్టాం. ఏకులపాలెం అంతా వచ్చింది. రసూల్‌బీ మామ్మ మనవరాలు సిద్దికా ఒంగోల్లో లా చదువుతోంది, స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చింది. నల్లచెరువుపాడు మాలపల్లె నుంచి బుల్లయ్య, ఇంకా పాతికమంది వచ్చారు.

ముందు లేచింది బుడాన్. కోత ముఠాకి మేస్త్రి. కూలీల్ని చేలకి తోలుకుపోయేది అతనే.

"మీరంతా బాగానే చెబుతారు. రేపు కాయ ఎర్రబడితే నేను ముఠాని తీసుకుని నాగేంద్రబాబు చేలోకే పోవాలి. ఆయనతో పెట్టుకుంటే మాకు పనెవడిస్తాడు? మీరు నినాదాలిచ్చి బస్సెక్కి పోతారు. మేమెక్కడికి పోతాం?"

"ఎక్కడికి పోతావా? బురదలోకి పోతావు!" అతని భార్య రహమతున్నీసా వెనక నుంచి అరిచింది. "నీ మేస్త్రితనం పాడుగాను! ఇల్లు పోయాక ముఠాని ఎక్కడ నుంచి తోలతావు, రోడ్డు మీద నుంచా?"

అందరూ నవ్వారు. బుడాన్ మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

బుల్లయ్య లేచాడు. "ఏరా బుడాన్, ఇది మీ పల్లె గొడవే అనుకుంటున్నావా? మా తాత సాగు చేసిన చేను మాది కాదన్నారు. మీ తాత ఇక్కడ ఉన్నాడని రుజువేది అని మమ్మల్నడిగారు. మా తాతా ఆ కట్టల్లోనే ఉన్నాడు, మీ తాతా ఆ కట్టల్లోనే ఉన్నాడు. తాళం మాత్రం ఆళ్ల దగ్గరుంది. అడిగితే అందరం అడగాలి, అందరికీ తెరవాలని అడగాలి" అన్నాడు.

అక్కడ పుట్టింది నినాదం. పాత లెక్కలు తెరవాలి! ఏకులపాలెం ఒక్కదానికే కాదు, ఊళ్లు పోయినవాళ్లందరికీ, చేలు పోయినవాళ్లందరికీ.

ఆ కట్టలున్న ఆఫీసు ముందు టెంటు వేశాం. సింగరాయకొండ దగ్గర గుడిసెలు పీకేసిన యానాదులు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. హాస్టలు పిల్లలు అట్టముక్కల మీద తాతముత్తాతల పేర్లు రాసుకుని మెళ్లో వేలాడదీసుకున్నారు. రసూల్‌బీ మామ్మకి రాత రాదు. సిద్దికా రాసిచ్చింది, హుస్సేనమ్మ అని. మామ్మ దాన్ని పొద్దుగూకులూ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

పోలీసులు టెంటు పీకితే మళ్లీ వేశాం. పీకారు, వేశాం. చివరికి చర్చలకి పిలిచారు. ఆఫీసరు ఏసీ గదిలో మా అందరికీ టీ ఇప్పించాడు, మర్యాదస్తుడే. "మీకు అర్థం కావట్లేదమ్మా. వాళ్ల గోప్యత కాపాడటానికే ఈ చట్టం" అన్నాడు.

సిద్దికా గ్లాసు కింద పెట్టింది. "ఎవరి నుంచి కాపాడతారు సార్? చచ్చి మట్టయిపోయినవాళ్లని బురద నుంచి కాపాడే చట్టం లేదు గానీ, మనవరాళ్ల నుంచి కాపాడే చట్టం ఉందా?"

"అలా కాదమ్మా..."

"డెబ్బై ఏళ్లో వందేళ్లో దాటితే పాత లెక్కలు జనానికి తెరిచే దేశాలున్నాయి సార్. చదువుకున్నవారు, మీకు తెలియదా?"

"చూశావా మరి, ఇంకా డెబ్బై కాలేదుగా. ఆగండి" అన్నాడాయన నవ్వుతూ.

"మేం ఆగుతాం బాబూ" అంది రసూల్‌బీ మామ్మ. "టిప్పరు ఆగుద్దా?"

బయట వందలమంది గొంతులు వినబడుతున్నాయి. రెండోవారం తిరక్కుండానే కబురొచ్చింది. చట్టం మార్చరట. కానీ ప్రత్యేక కేసుగా ఏకులపాలెం కాగితం ఒక్కటి ఒక్కసారి చూపిస్తారట. ఫోటోలు తియ్యకూడదట. మేం పిచ్చివాళ్లలా గంతులేశాం. మిఠాయి పంచుకున్నాం. ఆయన ముందే విప్పి చదువుకుని, అందుకే చూపిస్తానన్నాడని మాకేం తెలుసు!

రసూల్‌బీ మామ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. గుమస్తా ఎర్రగుడ్డ మూట విప్పి ఒక కాగితం బల్ల మీద పరిచాడు. కరణం చేతిరాత, గుండ్రటి తెలుగు అక్షరాలు. పైన ఏకులపాలెం అని ఉంది. సిద్దికా వేలు పెట్టి చదవడం మొదలెట్టింది.

"ఒకటో నంబరు. మనుషులు లేరు. ద్వారానికి కంప కొట్టి ఉన్నది. రెండో నంబరు. మనుషులు లేరు. ద్వారానికి కంప..."

ఆ పిల్ల వేలు కిందికి జారుతూ పోయింది.

"ఏడు చదవ్వే. మాది ఏడు" అంది మామ్మ.

"ఏడో నంబరు. మనుషులు లేరు జేజమ్మా."

"సరిగ్గా చూడవే."

"మనుషులు లేరు. ద్వారానికి కంప కొట్టి ఉన్నది." సిద్దికా ఏడుస్తూనే కిందికంటా చదివింది. "సదరు పల్లె జనులు గృహములు విడిచి దేశాంతరము పోయినట్లు గ్రామ పెద్ద చెప్పినారు."

ఆ గ్రామ పెద్ద పేరు కూడా రాసుంది. నాగేంద్రబాబు గారి తాత.

మామ్మ కాగితం మీదికి వంగింది. చదవలేని కళ్లతో ఒక్కో అడ్డవరసా వెతికింది. వాళ్లమ్మ ఎక్కడో ఓ మూల ఉందేమో, చదువుకున్న పిల్ల పొరపాటున దాటేసిందేమో అని!

"మీరడిగిందే చూపించాం. అరవై ఒకటిలో అక్కడ ఎవరూ లేరని తేలిపోయింది" అన్నాడు ఆఫీసరు. గుమస్తా మూట కట్టేశాడు.

తిరుగు ప్రయాణంలో వ్యానులో ఆడవాళ్లు మామ్మని మధ్యలో కూర్చోబెట్టుకుని వీపు నిమురుతున్నారు. మేదరమెట్ల దాటాక బుల్లయ్య ఒక్కసారిగా అన్నాడు.

"లెక్కలు రాసేది ఏ నెల్లో?"

"ఎప్పుడూ ఫిబ్రవరే" అంది సిద్దికా.

రహమతున్నీసా నెత్తి కొట్టుకుంది. "ఓరి దేవుడా! ఫిబ్రవరిలో మనమెక్కడుంటాం? కోతల్లో ఉండమూ?"

అక్కల్లారా, మీకు చెప్పక్కర్లేదు. తమ్ముళ్లకి చెబుతున్నా. కాయ ఎర్రబడితే ఈ పల్లెలు పల్లెలుగా లేచిపోతాయి. పిల్లాజెల్లా, కోడీ మేకా అన్నీ తీసుకుని చేలగట్ల మీదే గుడారాలేసుకుని కోతయ్యేదాకా ఉంటారు. ఆ రోజుల్లో తాళాలు కొనే స్తోమత ఎవరికి? కుక్కలూ పందులూ దూరకుండా గుమ్మానికి అడ్డంగా తుమ్మకంప కొట్టి పోయేవాళ్లు. ఆ కరణం గారు వచ్చి పల్లె మొదట్లో నిలబడి కంపలు చూశాడు. నాగేంద్రబాబు గారి తాత, ఆ పెద్దరైతు అరుగెక్కి కూర్చుని మజ్జిగ తాగాడు. పెద్దరైతు చెప్పింది రాసుకున్నాడు. ఆ పెద్దరైతు చేలోనే మా వాళ్లంతా వంగి కాయ కోస్తున్నారు. లెక్కలు రాసే రోజున ఏకులపాలెం అంతా ఆయన కళ్ల ముందే ఉంది!

"దేశాంతరం పోయారంట, దొంగనాయాలు" అన్నాడు బుల్లయ్య. "ఒరే బుడాన్, మేస్త్రివి కదా, నువ్వు చెప్పు. ఇల్లు వదిలేసి పోయేవాడు గుమ్మానికి కంప కొడతాడా?"

బుడాన్ అప్పటిదాకా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇటు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"వదిలేసి పోయేవాడికి కుక్క దూరితే ఏంటి, పంది దూరితే ఏంటి? తిరిగొచ్చేవాడే కంప కొడతాడు."

ఆ మాటే మర్నాడు వెళ్లి ఆఫీసరుకి చెప్పాం. ఆ కాగితం మేం లేమని కాదు, ఉన్నామని చెబుతోందయ్యా అన్నాం. అది మీ ఊహ, రికార్డు కాదు అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

కొంతమంది నీరుగారిపోయారు. ఇంత కొట్లాడి తెరిపిస్తే మనమీదే అబద్ధం రాసుంది, ఇంక మిగతా కట్టలు తెరవమని అడగటం దేనికి అన్నారు.

సిద్దికా కస్సుమంది. "అబద్ధం రాసుందని తెలిసింది తెరిస్తేనే కదా! ఇన్నేళ్లూ మన లేనితనం ఎవడు రాశాడో మనకి తెలీకుండా మూటగట్టి పెట్టారు. అన్ని మూటలూ విప్పాలి. ఎన్ని పల్లెలకి ఎంతమంది పెద్దరైతులు ఇలా మంగళం పాడారో తెలియాలి."

కానీ ఆ పిల్ల వాళ్ల జేజమ్మ మంచం పట్టింది. గంజి నోట్లో పోస్తే చెంప వెంట కారిపోయేది. ఒక సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచింది.

"ఆ ఏడాది మా ఇంటికి కంప కొట్టింది నేనేనే అమ్మాయ్. అమ్మ చేతిలో చంటోడున్నాడు. నువ్వు కొట్టవే తల్లీ అంది. గట్టిగా బిగించాను. అమ్మ మెచ్చుకుంది కూడా." కాస్త ఊపిరి తీసుకుంది. "అమ్మ పేరు నా చేత్తో నేనే తీసేశానంటావా?"

"ఛ, అవేం మాటలు మామ్మా! తీసేసింది వాళ్లు. నువ్వు ఇల్లు కాపాడావు" అన్నాను. ఎన్నిసార్లన్నానో. నమ్మినట్టు తలాడించింది గానీ నమ్మలేదు. ఆ బాధతోనే పోయింది మహాతల్లి.

మామ్మని మోసుకుంటూ జనాజా గోరీల దిబ్బ దగ్గరికి చేరేసరికి చుట్టూ కొత్త ఇనప కంచె, గేటుకి తాళం. వాచ్‌మన్ చేతులు జోడించాడు, నా ఉద్యోగం పోద్దయ్యా అని. బుడాన్ అతన్ని పక్కకి జరిపి కట్టరుతో తీగలు తెంచాడు. రేపు పనెవడిస్తాడు అని అడిగిన బుడానే! బురద సిమెంటులా గట్టిపడిపోయింది. గడ్డపారలు తెచ్చారు. మాలపల్లె కుర్రాళ్లు, హాస్టలు పిల్లలు, ముఠా కూలీలు వంతులేసుకుని పగలగొట్టారు. హుస్సేనమ్మ గోరీ ఎక్కడుందో ఎవరికీ ఆనవాలు దొరకలేదు. ఇక్కడిక్కడే అయ్యుంటుంది అనుకున్న చోట కూతుర్ని పడుకోబెట్టాం. మర్నాడే నామీద, బుడాన్ మీద, సిద్దికా మీద కంచె తెంచిన కేసు పడింది.

మిరప ఎర్రబడింది. ఈసారి ఫిబ్రవరిలో మళ్లీ జనాభా లెక్కలని టీవీలో చెప్పారు. నాగేంద్రబాబు గారి ట్రాక్టరు ఎప్పట్లాగే తెల్లవారుతూనే పల్లె మొదట్లోకి వచ్చి హారన్ కొట్టింది. ఒక్కరూ ఎక్కలేదు. గుమ్మాల్లో పీటలేసుకుని కూర్చున్నారు.

"ఏంట్రా బుడాన్ ఇది?" అని ఆయనే స్వయంగా వచ్చాడు.

"లెక్కలవాళ్లు వచ్చి ప్రతి గుమ్మంలో కూర్చుని, ఏకులపాలెం అని ఊరు పేరు పెట్టి, మనిషి మనిషినీ రాసిందాకా కోత లేదండి. ఒక్క కాయ తెగదు."

"కూలి పెంచుతాను రా."

"కూలి గొడవ కాదండి."

మాలపల్లె కూడా కదల్లేదు. యానాదులు కదల్లేదు. పక్క ఊళ్ల ముఠాలు సంగతి విని దిగిన చేలల్లోంచి గట్టెక్కాయి. పండిన కాయ చెట్టు మీదే ఎండిపోయి రాలుతుంటే రైతులు లబలబలాడారు. అందులో చిన్నరైతులూ ఉన్నారు, వాళ్లని చూస్తే మాకూ బాధే. వెళ్లి చెప్పాం. మీ మీద కోపం కాదు, ఈ నెల్లో చేలోకొస్తే మళ్లీ అరవై ఏళ్లు మేం లేనట్టే అని.

నాగేంద్రబాబు గారికి పాత కేసు గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నమే పోలీసులొచ్చి మా ముగ్గుర్నీ జీపెక్కించారు. స్టేషన్లో ఎస్సై రాసుకుంటున్నాడు.

"పేరు?"

"బుడాన్."

"ఊరు?"

"ఏకులపాలెం."

"అలాంటి ఊరు లేదయ్యా. నల్లచెరువుపాడు అని రాస్తున్నా. ఇక్కడ సంతకం పెట్టు."

"పెట్టనండి. లేని ఊరోడు కంచె ఎలా తెంచాడని రాస్తారు?"

ఎస్సై చెయ్యెత్తాడు. ఈలోగా బయట గోల వినిపించింది. కిటికీలోంచి చూశాను. ఏకులపాలెం నడిచొస్తోంది. ముసలీ ముతకా, బాలింతలు, కర్ర ఊతంతో నడిచేవాళ్లు, వెనక బుల్లయ్యతో మాలపల్లె. కానిస్టేబుళ్లు గేటు మూసేలోపే ఆవరణ నిండిపోయింది. మేమూ కంచె తెంచాం, మమ్మల్నీ రాయండి, ఊరి పేరుతో రాయండి అని ఒకటే కేకలు. ఎస్సై ఫోన్ చేశాడు, బెదిరించాడు, బతిమాలాడు. ఒక్కరూ కదల్లేదు. చీకటి పడకముందే కలం తీసి ఏకులపాలెం అని రాశాడు.

సర్కారు కాగితం మీద ఆ ఊరి పేరు పక్కన మనుషుల పేర్లు పడటం అదే మొదలు. ముద్దాయిలుగా! నాకు నవ్వొచ్చింది, నవ్వబోతే ఏడుపొచ్చింది. రసూల్‌బీ మామ్మ లేదు. హుస్సేనమ్మ పేరు ఇప్పటికీ ఎక్కడా లేదు. ఆ మూటలు అక్కడ అలాగే మూసి ఉన్నాయి.

బుడాన్ సంతకం పెట్టి పక్కకి జరిగాడు. రహమతున్నీసా వచ్చి ఎస్సై ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నీ పేరేంటమ్మా?"

"చెబుతాను. ముందు ఇంకొన్ని కాగితాలు తెప్పించుకో బాబూ. నా వెనక చాలామంది ఉన్నారు."